జిల్లా దాటని పిట్ట

ఇలాంటి వ్యాసాలు మామూలుగా రిటైరైనవాళ్లు రాస్తారు. నాకింకా ముప్పై రెండేళ్లే. అయినా రాసే అర్హత ఉందనుకుంటున్నాను, ఎందుకంటే నా మొదటి ఉద్యోగం నాకంటే ముందే రిటైరైపోయింది. అనకాపల్లిలో నేను ఏడేళ్లు పనిచేసిన ఫౌండ్రీ షెడ్డులో ఇప్పుడు ఎరువుల బస్తాలు పెట్టుకుంటున్నారు. కొలిమి ఉన్నచోట నేల మాత్రం ఇంకా నల్లగానే ఉంది. ఊరెళ్లినప్పుడల్లా ఆ గేటు ముందు కాసేపు ఆగుతాను. వాచ్‌మన్ ఏం కావాలని అడుగుతాడు. ఏమీ లేదని చెప్పి వచ్చేస్తాను.

డిప్లొమా సర్టిఫికెట్ పట్టుకుని కొత్తగా పనిలో చేరబోయే తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో సాంకేతికంగా నేర్చుకోవలసింది ఒక్కటే ఉంది. దాన్ని నేను నేర్చుకోవడానికి ఒక పిట్ట రెక్కలు కత్తిరించాల్సి వచ్చింది.

మేం చేసేవి చెరకు గానుగలు. మూడు రోలర్లు, పళ్ల చక్రాలు, వాటిని నిలబెట్టే రెండు పక్క ప్లేట్లు. ముందు ప్రతి భాగానికీ చెక్కతో నమూనా చేస్తారు. దాన్ని ఇసుకలో అచ్చు వేసి, ఆ ఖాళీలో కరిగిన ఇనుము పోస్తారు. చెక్క మీద గీత పడితే ఇనుము మీదా గీత పడుతుంది. అందుకని మా ఫౌండ్రీలో యజమాని తర్వాత మాట చెల్లేది నమూనాలు చెక్కే మేస్త్రిదే.

మేస్త్రికి అప్పటికే అరవై దాటాయి. కళ్లజోడు పుల్ల ఒకటి ఊడిపోతే దాని బదులు దారం కట్టి చెవికి చుట్టుకునేవాడు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్లేవాడు; మిగతా ఆరు రోజులూ ఆయన జుట్టు నిండా రంపపుపొట్టు. ఇరవై రెండేళ్ల వయసులో, యజమానిగారి తండ్రి "మన గానుగని చూడగానే మనదని తెలియాలి" అంటే, ఈయన పక్క ప్లేటు నమూనా మీద గుడ్డు ఆకారంలో గట్టు తీసి దాని మధ్యలో ఒక పిట్టని చెక్కాడు. బైబిలు కథలో జలప్రళయం తగ్గాక ఓడలోంచి వదిలిన పావురం అది. కథ ప్రకారం దాని ముక్కున ఒలీవ ఆకు ఉండాలి. ఒలీవ ఆకు ఎలా ఉంటుందో ఈయన ఎప్పుడూ చూడలేదు. చెరకు ఆకు పెట్టేశాడు.

రైతులకి పావురం సంగతీ తెలియదు, ఓడ సంగతీ తెలియదు. మునగపాక నుంచి రావికమతం దాకా అందరికీ అది పిట్ట గానుగ.

మా ఫౌండ్రీలో ఒక పద్ధతి ఉండేది. అరిగిపోయిన గానుగ తెచ్చి ఇస్తే కొత్త గానుగ మీద తగ్గింపు. పాత ఇనుము ఇంటికి రావాలి అనేవారట యజమానిగారి తండ్రి. వచ్చిన పక్క ప్లేటుని సమ్మెటతో బద్దలుకొట్టాక, పిట్ట ఉన్న ముక్కని మేస్త్రి తన చేత్తో అన్నిటికంటే ముందు కొలిమిలో వేసేవాడు.

"ముందు పిట్ట ఎగరాల. తరవాతే మిగతాది," అనేవాడు.

నేను చేరిన కొత్తలో నా చేతిలో ఎప్పుడూ ఒక అట్ట, దానికి క్లిప్పు, క్లిప్పు కింద జాబితా. మేస్త్రి నన్ను ఇంజినీరు బాబు అని పిలిచేవాడు. నాది డిప్లొమాయే అని ఆయనకు బాగా తెలుసు, అందుకే అలా పిలిచేవాడు. మొదటి ఏడాదే నేను ఈ పాత ఇనుము పద్ధతిని క్రమబద్ధం చేశాను. మండలాల వారీగా ఊళ్లు, ఊళ్ల వారీగా పాత గానుగలు, ఒక్కోదాని పరిస్థితి. షేర్ ఆటోల్లో కశింకోట వైపు ఒక రోజు, మునగపాక వైపు ఒక రోజు తిరిగి ఆ సీజన్లోనే పదకొండు పాత గానుగలు ఇంటికి రప్పించాను. యజమాని నా భుజం తట్టారు. జాబితాలో పదకొండు టిక్కులు, ఒకే ఒక్క ఇంటూ గుర్తు. ఆ ఇంటూ రావికమతం దగ్గర ఒక పల్లెలో. ఎడ్లతో తిప్పే కాలం నాటి గానుగ, పశువుల సాల పక్కన పడి ఉంది. ఆ రైతు ఇవ్వనన్నాడు.

"అట్టుకుపోతే నా గేదెని దేనికి కట్టమంటావు బాబూ, నీ అట్టకేటి?" అన్నాడు.

ఆ ఇంటూ గుర్తు నన్ను చాలా రోజులు చిరాకు పెట్టింది.

రెండేళ్ల తర్వాత మాకొక నోటీసు వచ్చింది. దూరంగా మరో రాష్ట్రంలో వ్యవసాయ యంత్రాలు చేసే ఒక కంపెనీ, ముక్కున ఆకు పట్టుకున్న పక్షి బొమ్మని దాదాపు ఇరవై ఏళ్ల కిందటే ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించుకుంది. మా గానుగ ఒకటి శ్రీకాకుళంలో వాళ్ల డీలరు కంటబడింది. పిట్టని తీసేయండి, లేకపోతే కోర్టుకి లాగుతాం, ఇదీ నోటీసు సారాంశం. మా చుట్టుపక్కల రైతులు గానుగ కొనడానికి వచ్చి మా పేరు అడగరు, పిట్టని చూపించమంటారు. పిట్ట పోతే ఆర్డర్లు పోతాయి. నోటీసు చదివి వినిపిస్తున్నప్పుడు మేస్త్రి మాత్రం ఆర్డర్ల గురించి ఆలోచించలేదు.

"వాల్ల పిట్టని ఎవులు సెక్కేరు?" అని అడిగాడు.

ఎవరో కాగితం మీద గీసి ఉంటారని చెప్పాను. ఆయన తలూపి మళ్లీ ఉలి పట్టుకున్నాడు.

విశాఖలో ఒక లాయరుగారిని పట్టుకున్నాం. ఇలాంటి తగాదాలు చెన్నైలోని ట్రేడ్‌మార్కుల ఆఫీసులో ఒక అధికారి విచారిస్తారన్నారు. ఆయన విషయాన్ని రెండు దారులుగా విడదీసి చెప్పారు. నాకు అలా చెప్పేవాళ్లంటే ఇష్టం. ఒకసారి రిజిస్టరయిన గుర్తు దేశమంతా చెల్లుతుంది. దాన్ని సవాలు చెయ్యాలంటే మొదటి దారి, వాళ్లకంటే ముందు నుంచీ ఆ గుర్తు మాదేనని రుజువు చెయ్యడం. అది జరిగితే రిజిస్టరులోంచి వాళ్ల గుర్తునే తీయించవచ్చు, మా పిట్ట ఎక్కడికైనా పోవచ్చు. రెండో దారి, వాళ్లు ఆ గుర్తుతో మా ప్రాంతంలో ఏళ్ల తరబడి ఒక్క యంత్రమూ అమ్మలేదని చూపించడం. అప్పుడు వాళ్ల గుర్తు ఉంటుంది, కానీ ఆ ప్రాంతం వరకూ చెల్లదు. ఆ ప్రాంతంలో మాత్రమే మనకి ఇస్తారు. దాటితే మళ్లీ వాళ్లదే.

మొదటి దారికి పాత రుజువు కావాలి. తేదీ తెలిసే రుజువు. యజమాని పాత బిల్లు పుస్తకాలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టారు. ప్రతి బిల్లులోనూ ఒకటే మాట: గానుగ, ఒకటి. పిట్ట గురించి ఎక్కడా లేదు. రోజూ కళ్ల ముందున్నదాన్ని ఎవరు రాసుకుంటారు? పాత గానుగలు చూపించండి అన్నారు లాయరుగారు. యజమానే చెప్పారు, అవన్నీ కరిగించేశామని.

"ప్రతి కొత్త పిట్టలోనూ పాత పిట్ట ఉందండి," అన్నారు యజమాని.

"ఉండొచ్చు. అధికారి దాన్ని కరిగించి చూడడు కదా," అన్నారు లాయరుగారు.

బయటికొచ్చాక బస్సులో నా జాబితా తీశాను. పదకొండు టిక్కులు. నలభై ఏళ్ల మా చరిత్రని ఊరూరా తిరిగి వెతికి, వరస తప్పకుండా, కొలిమికి చేర్చింది నేనే. మిగిలింది ఆ ఒక్క ఇంటూ.

మర్నాడే రావికమతం వెళ్లాను. వెంట మేస్త్రి రాలేదు. ఆయనకి ఆ రోజు రోలరు నమూనా పని ఉంది. బయల్దేరుతుంటే మాత్రం గేటు దాకా వచ్చాడు.

"ఆకు కొస సూడు బాబూ. నా మొదటి పిట్టకి ఆకు కొస ఇరిగింది. ఉలి జారిపోయింది. ఆ తరవాత సరిసేసేను. ఇరిగిందంటే అదే మొదటి నమూనా," అన్నాడు.

రైతు ఈసారి మంచి మాటే చెప్పాడు. ఆ గానుగ తన తాత కొన్నదట, కావాలంటే చెన్నై దాకా వచ్చి చెబుతానన్నాడు. ఇప్పుడే వస్తానని పొలానికి వెళ్లాడు. ఫోటో స్టూడియో అతను మధ్యాహ్నం బస్సుకి వస్తానన్నాడు. నా అట్ట మీద ఆ రోజు జాబితా ఇలా ఉంది. ఒకటి: శుభ్రం చేయడం. రెండు: ఫోటో. మూడు: కొలతలు.

పక్క ప్లేటు మీద పేడ, బురద, దాని కింద పెచ్చులు పెచ్చులుగా నీలం రంగు, దాని కింద తుప్పు. బొమ్మ సరిగా కనబడటం లేదు. ఫోటోలో గీత గీతా కనబడాలనేది నా పట్టుదల. కిరోసినూ, వైర్ బ్రష్షూ, గీరడానికి ఉలీ వెంట తెచ్చుకున్నాను. రెండున్నర గంటలు పట్టింది. పిట్ట కింద ఏవో తెల్లని చారలు కనబడ్డాయి, సున్నం ఒలికిందనుకున్నాను. అన్నీ పోయేదాకా రుద్దాను. చివరికి ఇనుము బూడిదరంగులో మెరిసింది. ఆకు కొస చూశాను. విరిగే ఉంది. ఉలి ఎక్కడ జారిందో కూడా తెలుస్తోంది. నాకు ఎంత సంతోషం కలిగిందో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

రైతు పొలం నుంచి వచ్చి, గానుగ ముందు నిలబడి, కాసేపు చూశాడు.

"రాతేది బాబూ?" అన్నాడు.

"ఏ రాత?"

"తాత రాయించిన రాత. గానుగ తెచ్చిన రోజు. తెల్లరంగుతోటి, పిట్ట కింద. ఏటా గానుగాట ముందు నీలం రంగేసి, మళ్లీ ఆ రాతనే దిద్దేవోడు మా నాన్న."

నేను కింద చూశాను. నా చెప్పుల చుట్టూ నీలం పొడి, దానిలో అక్కడక్కడా తెలుపు. వంగి ఏరడానికి ప్రయత్నించాను. అది చేతిలో నిలబడలేదు. తేదీ ఏమిటని అడిగాను. తనకి చదువు రాదనీ, ఆ రాత బొమ్మలాగే గుర్తుందనీ చెప్పాడు. తిట్టలేదు. మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్లాడు.

ఫోటో అతను మధ్యాహ్నం బస్సుకే వచ్చాడు. చాలా స్పష్టమైన ఫోటోలు తీశాడు.

చెన్నైలో విచారణ రోజు ఆ ఫోటోలు బల్ల మీద పెట్టారు. మేస్త్రి మాట, రైతు మాట ప్రమాణపత్రాలుగా అంతకుముందే పంపాం. అవతలి లాయరు ఫోటో ఎత్తి పట్టుకుని, ఇంత తళతళలాడే ఇనుముకి నలభై ఏళ్లంటున్నారు, నాకైతే నిన్న పోతపోసినట్టుంది, అన్నాడు. అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తేదీ ఎక్కడైనా ఉందా అని అడిగారు. మా లాయరుగారు నా వైపు చూడలేదు. ఆయనకి ముందే చెప్పాను. లేదన్నారు. ఆకు కొస విరిగిన సంగతీ, మొదటి నమూనా సంగతీ చెప్పారు. అవతలి లాయరు, అది చెక్కినాయన చెప్పే మాటే కదా, అన్నాడు. నిజమే. నలభై ఏళ్ల కిందట ఒక ఉలి జారిందని ఆ ఉలి పట్టినవాడు కాక ఇంకెవరు చెబుతారు?

విరామంలో వరండా బల్ల మీద అవతలి కంపెనీ యజమాని మా పక్కనే కూర్చున్నాడు. ముసలాయన. గోళ్ల మధ్య మాకున్నలాంటి నలుపే ఆయనకీ ఉంది. తన పక్షిని తన అన్న గీశాడట, ఆయన ఇప్పుడు లేడట. వచ్చీరాని ఇంగ్లీషులో ఈ నాలుగు ముక్కలూ చెప్పి, తన డబ్బాలోంచి రెండు జంతికలు తీసి నాకిచ్చాడు. ఆయన్ని ద్వేషించడానికి అప్పటిదాకా నేను సిద్ధం చేసుకున్న కారణాలన్నీ ఆ జంతికలతో పాటే విరిగిపోయాయి.

రెండో దారికి మాత్రం నా జాబితాలు పనికొచ్చాయి. జిల్లాలో ముప్పై ఒక్క ఊళ్ల నుంచి, ఆ కంపెనీ యంత్రం ఎన్నడూ చూడలేదని సంతకాలతో ఉత్తరాలు తెచ్చాను, మండలం వారీగా పేర్చి. వాటికి అవతలివైపు నుంచి జవాబు లేదు. లాయర్లిద్దరూ మాట్లాడుకున్నారు. విశాఖ జిల్లా వరకు వాళ్లు వదులుకుంటారు, ఆ జిల్లా వరకే మా పిట్ట రిజిస్టరవుతుంది, మేం ఇంక ఎక్కడా గొడవ పెట్టం. ఒప్పుకుంటే ఆ పూటే ముగుస్తుంది. ఒప్పుకోకపోతే ఉన్నదీ పోవచ్చు.

యజమాని మెట్ల దగ్గర నిలబడి సెల్‌ఫోనులో ఫౌండ్రీకి కలిపారు. మేస్త్రిని పిలవమన్నారు. ఫోను నేను కూడా వినేలా పట్టుకున్నారు. సంగతంతా ఓపిగ్గా చెప్పారు. అవతల కొలిమి ఊదుతున్న చప్పుడు వినబడుతోంది.

"పిట్ట బతుకుతాదా బాబుగారూ?"

"మన జిల్లాలో బతుకుతాది మేస్త్రీ. జిల్లా దాటితే లేదు."

కొలిమి ఊదడం ఆపమని ఆయన ఎవరికో చెప్పడం వినబడింది.

"బతకనియ్యండి," అన్నాడు.

తిరిగొచ్చిన రెండో రోజున మేస్త్రి పక్క ప్లేటు నమూనాలోంచి పిట్టని సన్నటి రంపంతో కోసి వేరు చేశాడు. ఆ పూట పని చూడకుండా తప్పించుకుందామనుకున్నాను, కానీ ఆయనే పిలిచి దీపం పట్టుకోమన్నాడు. పిట్ట వెనక రెండు చెక్క మేకులు, గట్టు లోపల వాటికి రెండు బెజ్జాలు. జిల్లాలో అమ్మే గానుగకైతే పిట్టని తగిలించి అచ్చు వేస్తాం. పైజిల్లాకి వెళ్లేదైతే తీసేస్తాం. అప్పుడు గట్టు మధ్యలో ఖాళీ మిగులుతుంది, గుడ్డు ఆకారంలో. ఆ బెజ్జాలు పూడ్చి, ఖాళీని మైనంతో నున్నగా చేసేవాడు. అవసరమైనదానికంటే చాలా నున్నగా.

మేకులు బిగిస్తుండగా చెప్పేశాను. ఆ రాతని గీకేసింది నేనేనని. ముందు ఫోటో తీయించాల్సిందని. ఆయనకి యజమాని ఎప్పుడో చెప్పారట.

"నేనైనా అదే సేద్దును," అన్నాడు, తల ఎత్తకుండా. "తుప్పు సూత్తే పనోడి సెయ్యి ఊరుకోదు."

ఆ తర్వాత పిట్టని నా చేతిలో పెట్టాడు. అరచేతిలో సరిగ్గా పట్టింది.

"నీ కాడే ఉంచు. నా కాడుంటే అన్నిటికీ తగిలించెత్తాను. నువ్వు జాబితా సూసి ఇయ్యి."

అలా మూడేళ్లు పిట్ట నా సొరుగులో ఉంది. ప్రతి అచ్చుకి ముందు మేస్త్రి వచ్చి నా బల్ల పక్కన నిలబడేవాడు. ఊరేది అని అడిగేవాడు. చోడవరం అంటే చేయి చాచేవాడు. బొబ్బిలి అంటే, తుని అంటే, చేతులు వెనక్కి పెట్టుకుని వెళ్లిపోయేవాడు. గోడ మీద నేను అతికించిన జిల్లా పటాన్ని ఒకసారి చాలాసేపు చూసి, జిల్లా చివర పాయకరావుపేట దగ్గర వేలు పెట్టి, "ఈ ఏటికి అవతల గాలి ఏరేగా ఉంటాదేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నవ్వు రాదు.

పైజిల్లా రైతులు గేటు దగ్గరే పక్క ప్లేటు తడిమి చూసి, ఖాళీ చూసి, ఇది నకిలీ అనుకుని వెళ్లిపోయేవారు. తెలిసినవాళ్లు మాత్రమే కొన్నారు. చెరకు కూడా ఏటేటా తగ్గింది. ముందు వారానికి రెండు పోతలు, తర్వాత ఒకటి, తర్వాత ఆర్డరు వస్తే. మేస్త్రి ఒక శనివారం పని ముగించి, ఉలులన్నీ నూనెగుడ్డలో చుట్టిపెట్టి, సోమవారం రాలేదు. జ్వరమన్నారు. మూడు వారాలకి పోయాడు. పెట్టెలో ఆయనకి తెల్లచొక్కా వేశారు, జుట్టులో పొట్టు లేదు. మనిషిని గుర్తుపట్టడానికి నాకు ఒక క్షణం పట్టింది. ఫౌండ్రీ ఇంకో ఏడాది నడిచింది. మూసేరోజు యజమాని పిట్టని నన్నే ఉంచుకోమన్నారు, రిజిస్ట్రేషను కాగితం ఆయన ఉంచుకున్నారు.

ఇప్పుడు నేను పొరుగు జిల్లాలో సిమెంటు గొట్టాల కంపెనీలో పని చేస్తున్నాను. నెలకోసారి మోటారు సైకిలు మీద ఊరొస్తాను. తుని దగ్గర తాండవ వంతెన దాటేటప్పుడు ప్రతిసారీ అనుకుంటాను, పిట్ట ఇక్కడి నుంచి మొదలు. తిరిగి వెళ్లేటప్పుడు అనుకుంటాను, పిట్ట ఇక్కడిదాకే.

మొన్న సీజన్లో తిరుగు ప్రయాణంలో, వంతెన దాటి కొంత దూరం వెళ్లాక, రోడ్డు పక్క పాకలోంచి బెల్లం కాగే వాసన వచ్చింది. బండి ఆపాను. పాక ముందు గానుగ ఆడుతోంది. చక్రాల చప్పుడు వింటేనే తెలిసిపోయింది, మాదే. పక్క ప్లేటు మీద మా గట్టు, గుడ్డు ఆకారం, మధ్యలో మేస్త్రి మైనం పెట్టి నున్నగా చేసిన ఖాళీ.

ఖాళీ లేదు. ఎవరో నీలం రంగుతో దానిలో ఒక పిట్టని వేశారు. చేయి తిరిగినవాళ్లు కాదు. కోడికీ కొంగకీ మధ్యగా ఉంది. ముక్కులో ఆకు మాత్రం పొడవుగా, చెరకు ఆకే. కింద తెల్లరంగుతో, వంకరగా, గానుగ తెచ్చిన తేదీ.

చెరకు గడలు అందిస్తున్న ఆయన్ని అడిగాను, ఈ బొమ్మ ఎవరు వేశారని.

"మేమేనండి. పిట్ట గానుగ కదా, పిట్ట లేకపోతే ఎలాగండి?" అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

బొమ్మ మీద రసం చిట్లి, దుమ్ము అంటుకుని, సగం మసగ్గా ఉంది. నా చేయి దానంతటదే జేబులోకి వెళ్లి రుమాలు తీసింది. రుమాలు మళ్లీ జేబులో పెట్టి, సెల్‌ఫోను తీసి, దుమ్ముతో సహా, రాతతో సహా, ముందు ఫోటో తీశాను.

ఆ తర్వాత కూడా తుడవలేదు.